ఫోనులో తప్పిపోయిన మేకలు

జూలై ఇరవై ఒకటి, సోమవారం. ఆ సాయంత్రం నారాయణ ఉగ్గాని చేసుకున్నాడు. బొరుగులు నీళ్లలో కాస్త ఎక్కువ నాని మెత్తబడ్డాయి గానీ, పక్కింటివాళ్లు వేడివేడిగా మిరపకాయ బజ్జీలు పంపబట్టి ఆ లోటు తెలియలేదు. తిని, తట్ట కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, వరండాలో కుర్చీ వేసుకుని ఫోన్ తీశాడు. పులిమేక ఆట లేదు.

ఆ రోజు తేదీ, తిన్న తిండి ఆయనకు అంత బాగా గుర్తుండిపోవడానికి కారణం అదే. రోజూ కళ్లు చూడకపోయినా వేలు తనంతట తాను పోయి ఆనే చోట ఆ రోజు క్యాలిక్యులేటర్ ఉంది. ఆట గుర్తైన పులి బొమ్మ చోటికి అది జరిగి వచ్చి, ఎప్పటినుంచో తన ఇల్లు అదే అన్నట్టు కూర్చుంది. తెర పైభాగంలో చిన్న చక్రం ఒకటి తిరిగి తిరిగి అప్పుడే ఆగింది. ఫోన్ నెట్‌కు కలిసి సింక్ అయినప్పుడల్లా తిరిగే చక్రం అది. మధ్యాహ్నం ఆట ఉంది, ఆయనే చూశాడు. చక్రం తిరిగాక లేదు.

నారాయణ ప్రొద్దుటూరులో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. భార్య వనజమ్మ పోయి మూడేళ్లయింది. పాలు పోసే ఆమె రోజూ గేటు దగ్గర నిలబడి "లేసినారా సార్" అని ఒక కేక వేస్తుంది. ఆయన లేచి చాలాసేపై ఉంటుంది. అయినా ఆ కేకకు జవాబు చెప్పాకే తెల్లవారినట్టు. సాయంత్రం ఏడు గంటలకు పులిమేక ఆటతో పొద్దు మునిగినట్టు. ఈ రెండింటి మధ్య రోజు ఎలాగో ఒకలా గడిచిపోయేది.

ఆ ఆటకు అవతలి కొసన, జమ్మలమడుగులో, అల్లాబక్ష్ ఉంటాడు.

డిగ్రీ చదివే రోజుల్లో ఇద్దరూ ఒకే గదిలో అద్దెకున్నారు. తర్వాత నారాయణ పాఠాలు చెప్పడానికి పోయాడు, అల్లాబక్ష్ చెనిక్కాయల మార్కెట్టులో వేలం పాడటానికి పోయాడు. ఆయన వేలం పాడుతుంటే లారీ హారన్లు తగ్గి వినిపించేవని మార్కెట్టులో చెప్పుకునేవాళ్లు. ఆదివారాలు మార్కెట్టు అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి ఇద్దరూ పులిమేక ఆడేవాళ్లు. పులులకు గులకరాళ్లు, మేకలకు చెనిక్కాయలు. నారాయణవి ఎప్పుడూ మేకలే. అల్లాబక్ష్ పులి. ఆయన పులి ఒక మేకను దూకి చంపిందంటే, ఆ కాయను అక్కడికక్కడే ఒలిచి నోట్లో వేసుకునేవాడు.

"నీ మేకల్లో ఉప్పు తక్కువైంది మామా," అనేవాడు నములుతూ. "ఇంటికాడ సరిగా మేపుతాండావా లేదా?"

ఆ గొంతు రెండేళ్ల కిందట పోయింది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. మొదట్లో జనం బాగానే వచ్చారు. తర్వాత ఒక్కొక్కరే తగ్గారు. ఒకరికి బండి చెడిపోయేది, ఒకరికి సిగ్నల్ దొరికేది కాదు, ఎక్కువమందికి ఫోన్ చెడిపోయేది. నారాయణ మానకుండా పోయాడు గానీ, ఆయన్ను చూడగానే అల్లాబక్ష్ గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నోటి చివర కారే ఎంగిలి కనిపించకుండా ముఖం మీద తువ్వాలు వేసుకునేవాడు. ఒకరోజు ఆయన భార్య ఖమ్రున్నీసా గేటు దాకా వచ్చి, "ఏమనుకోవద్దన్నా. మిమ్మల్నే కాదు, ఎవర్నీ సూడనంటాండాడు," అని కళ్లు తుడుచుకుంది.

దారి చూపింది వాళ్ల కూతురు బుష్రా. ఇద్దరి ఫోన్లలోనూ పులిమేక ఆట పెట్టింది. ఎడమచేతి వేలు ఒకటి ఆడితే చాలు. ఆ గీతల మీద అల్లాబక్ష్‌కు జబ్బు లేదు, ఎంగిలి కారదు, మాట అక్కర్లేదు. ఆట నియమం ప్రకారం మొదటి మేకను పెట్టాల్సింది నారాయణ. ఏడు గంటలకు ఆయన మేకను పెడితే, జమ్మలమడుగులో పులి లేచేది.

ఆ సోమవారం మేక పెట్టలేదు.

మర్నాడు నారాయణ బస్టాండు దగ్గరున్న ఫయాజ్ సెల్ షాపుకు పోయాడు. ఫయాజ్ ఫ్యాన్ కింద కుర్చీని ఖాళీ చేసి, మీదున్న ఛార్జర్ల పెట్టెను కిందపెట్టి కూర్చోబెట్టాడు.

"ఎప్పటినుంచి సార్ ఇట్ల?"

"నిన్నటినుంచి. ఉగ్గాని తిని చూస్తే లేదు."

"ఉగ్గానికీ దీనికీ ఏం సంబంధం లేదులే సార్," అని ఫయాజ్ నవ్వి, ఫోన్ తీసుకుని అటూ ఇటూ నొక్కాడు. "మెమరీ ఉంది. వైరస్ లేదు. మళ్లా ఎక్కించబోతే ఈ ఆట మీకు దొరకదంటాంది. నాకు దొరుకుతాంది, మీకు దొరకదంట. ఇదేం చోద్యమో."

"సింక్ అయినప్పుడే పోతాందప్పా. చక్రం తిరిగింది, పోయింది."

"అయితే సింకే ఆపేద్దాం సార్. లేదంటే మొత్తం తుడిచేసి కొత్తగా పెడదాం."

తుడవడానికి నారాయణ ఒప్పుకోలేదు. ఆ ఫోన్ పులివెందులలో ఉన్న మనవరాలు జాహ్నవిది. పోయిన ఎండాకాలం వాళ్లమ్మ నందిని కొత్తది కొనిచ్చాక, పాతది ఆయనకు వచ్చింది. వనజమ్మ ఫొటోలు చాలావరకు అందులోనే ఉన్నాయి. ఇచ్చేటప్పుడు జాహ్నవి పక్కన కూర్చుని మరీ చెప్పింది: "ఇందులో ఉండే నా అకౌంట్ తీయద్దు తాతా. తీస్తే అవ్వ ఫొటోలన్నీ పోతాయి." కిరాణా కొట్టు ముందు గొడుగు పట్టుకుని ఎవరితోనో వాదిస్తున్న వనజమ్మ, పెళ్లిలో నిద్రపోతున్న వనజమ్మ, కెమెరా చూసి చెయ్యి అడ్డం పెట్టిన వనజమ్మ. అవి తుడవడం జరిగే పని కాదు.

ఫయాజ్ సింక్ ఆపేశాడు. బుధవారం మధ్యాహ్నం నారాయణ అన్నం తిని, ఎందుకో అనుమానం వచ్చి ఒక్కసారి సింక్ తెరిచాడు. చక్రం తిరిగింది. పులి బొమ్మ వచ్చి తన చోట్లో కూర్చుంది. ఆ సాయంత్రం ఆయన మేకను పెట్టాడు, పులి వెంటనే లేచింది. గురువారం కూడా ఆడారు. శుక్రవారం చక్రం తిరిగింది, ఆట పోయింది.

అప్పటినుంచి అదే వరస. పోవడమేమో పొద్దుగూకాక, తిరిగి రావడమేమో ఎప్పుడూ పగటిపూట. సింక్ ఆపేస్తే ఉన్న ఆట పోదు గానీ, ఆయన పెట్టిన మేక జమ్మలమడుగు చేరదు. తెరిస్తే మేక చేరుతుంది గానీ, ఆటే పోవచ్చు. జీవితమంతా పిల్లలచేత ప్రయోగాలు చేయించినవాడు కాబట్టి నారాయణ కూడా శ్రద్ధగానే చేశాడు. ఫోన్ ఆర్పి వెలిగించాడు, పక్కింటివాళ్ల వైఫైతో చూశాడు, సిమ్ తీసి తుడిచి పెట్టాడు. ఒకరోజు మేడెక్కి కూడా చూశాడు.

చూడనిది ఒక్కటే. ఆట మాయమైన ప్రతిసారీ తెర పైనుంచి చిన్న సందేశం ఒకటి దిగేది. ఆయన దాన్ని చదవకుండానే పక్కకు తోసేసేవాడు. పింఛనుదార్ల సమావేశానికి వచ్చిన ఎస్సై మరీమరీ చెప్పాడు: తెలియని సందేశం వస్తే ముట్టుకోవద్దు, చదవద్దు, తోసేయండి, మోసగాళ్లు మీలాంటి పెద్దవాళ్లకోసమే కాచుకోనుంటారు అని. నారాయణ చెప్పిన మాట వినే మనిషి.

ఆగస్టు మొదట్లో ఖమ్రున్నీసా ఫోన్ చేసింది.

"అన్నా, మీకేం బాగలేదా?"

"బాగానే ఉండానమ్మా. ఫోనే బాగలేదు. ఆట ఉన్నట్టుండి పోతాంది, మళ్లా వస్తాంది."

"అదే చెప్పినా అన్నా ఈయనకు. సారు ఫోన్ చెడిపోయిందంట అని. తల అడ్డంగా ఊపి గోడ తట్టు తిరిగినాడు."

"నిజంగానే చెడిపోయిందమ్మా."

"నాకు తెల్దా అన్నా. ఆయన మాత్రం ఏం చేస్తాడు, అందరూ చెప్పిన మాటే కదా అది. రాత్రి ముద్ద ముట్టలే. ఏడు కొట్టినకాన్నుంచి ఆ సెల్లు గుండెల మీద పెట్టుకోని పడుకోనుండాడు. నేను తీసి పక్కన పెడితే మళ్లా తీసుకున్నాడు."

రెండేళ్లుగా ఊరంతా చెప్పిన అబద్ధం ఇప్పుడు తన నోట నిజమై వచ్చింది. నిజమైనంత మాత్రాన అది వేరేగా వినిపించదు కదా.

ఆ తర్వాత ఆట మళ్లీ వచ్చింది. నారాయణ మేకను పెట్టాడు. పులి లేవలేదు. మర్నాడు మళ్లీ చూశాడు. మూలన పెట్టిన మేక పెట్టినట్టే ఉంది. తన ఫోనులో ఆట పోవడం కంటే, ఆట ఉండి పులి లేవకపోవడమే ఆయనను ఎక్కువ భయపెట్టింది.

ఆగస్టు పద్నాలుగు సాయంత్రం చక్రం తిరిగింది, ఆట పోయింది, సందేశం దిగింది. అలవాటు కొద్దీ తోసేయబోయిన వేలు ఆగిపోయింది. సందేశం పక్కన చిన్న గుండ్రటి ఫొటో ఉంది. ఆకుపచ్చ చీర, నుదుటి మీద పడిన వెంట్రుకలు. కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తన కూతురు నందిని.

'జాహ్నవి ఫోనులో ఈ ఆటను నందిని నిలిపివేశారు' అని ఉంది కింద.

నారాయణ దాన్ని రెండుమూడుసార్లు చదివాడు. ఫోన్ చేసి అడుగుదామనుకుని, ఆగిపోయాడు. మరునాడు ఎలాగూ జెండా పండగ సెలవు. ఆ మరునాడు కృష్ణాష్టమి. పొద్దున్నే పులివెందుల బస్సెక్కాడు. కండక్టరు ఆయన మోకాళ్లు చూసి, ముందు సీట్లో పెట్టిన తన సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

నందిని ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. భర్త అవినాష్ తుమ్మలపల్లె గనిలో పనిచేస్తాడు, ఆ రోజు పొద్దుటి షిఫ్టు. ఆమె అప్పుడే స్కూల్లో జెండా వందనం ముగించుకుని వచ్చి సంగటి కెలుకుతోంది. జాహ్నవి పదో తరగతి. స్కూల్లో ఇచ్చిన చాక్లెట్‌ను తాత చేతిలో పెట్టింది గానీ, ముఖంలోకి చూడలేదు.

"మంచిటయానికొచ్చినావు నాయనా," అంది నందిని, సంగటి ముద్ద ఆయన తట్టలో పెట్టి గుంటలో నెయ్యి పోస్తూ. "నువ్వన్నా చెప్పు దీనికి. నా మాట వినేది ఎప్పుడో మానేసింది."

"ఏం చేసిందిమ్మా?"

"ఏదో పులిమేక ఆటంట. దినామూ ఏడయ్యేసరికి మొదలుపెడతాది. చదువుకునే టయమది. నా కళ్ల ముందర పుస్తకం తెరుచుకోని కూర్చుంటాది, ఎప్పుడాడుతాదో నాకే తెలీదు. నేను ఆపేస్తాను, ఎట్ల తెరుస్తాదో ఏమో మళ్లా తెరుచుకుంటాది."

నారాయణ చేతిలోని ముద్ద తట్టలోకి దిగింది. జాహ్నవి పులుసులో వేలు పెట్టి గీతలు గీస్తోంది.

"నువ్వెట్ల ఆపుతావమ్మా, ఫోన్ దాని చేతిలో ఉంటే?"

"దానికొక యాప్ ఉంది నాయనా. పిల్లల అకౌంట్ మీద మనం కన్నేసి పెట్టొచ్చు. నేను ఈడ్నుంచి ఆపితే, దాని ఫోన్ నెట్‌కు తగులుకున్నప్పుడు ఆడ ఆగిపోతాది. ఏం చూస్తాందో, ఎంతసేపు చూస్తాందో అన్నీ తెలుస్తాయి. ఇదిగో సూడు."

నందిని ఎడమచేత్తో తన ఫోన్ తెరిచి ఆయన ముందు పెట్టింది. పైన జాహ్నవి పేరు ఉంది. దాని కింద నారాయణ రోజు ఉంది. పొద్దున వాతావరణం, పదింటికి పేపరు, సాయంత్రం ఏడుకు పులిమేక. అంతకు ముందు, తెల్లవారుజామున, మూడు గంటల వేళ, ఫొటోలు. నిన్న ఫొటోలు. మొన్న ఫొటోలు. వేలు కిందికి జరిపేకొద్దీ, వేరే పేరు కింద, ఆయన నిద్రలేని రాత్రులన్నీ వరసగా ఉన్నాయి.

"మూడు గంటలకు లేసి ఫొటోలు చూస్తాది నాయనా," అంది నందిని గొంతు తగ్గించి. "ఎవరివో అడిగితే చెప్పదు. ఈ వయసులో పిల్ల అట్ల నిద్ర లేకుండా ఎవరి ఫొటోలు చూస్తాదో తలుచుకుంటేనే నాకు గుండె దడ పుడతాంది. పోయిన వారం చెయ్యి కూడా చేసుకున్నా."

నారాయణ ఫోన్ బోర్లించి పెట్టాడు.

తట్టలు కడగడానికి జాహ్నవి పెరట్లోకి పోతే ఆయనా పోయాడు. నల్లా దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల తలెత్తకుండానే చెప్పింది.

"కొత్త ఫోనులో వేరే అకౌంట్ పెట్టుకున్నా తాతా. పుట్టినరోజు మార్చి. దాంట్లో అయితే అమ్మకు ఏం కనపడదు. పాతది నీ ఫోనులో ఉంటే అమ్మ అదే నాదనుకుంటాదని..."

"అవ్వ ఫొటోలు పోతాయన్నది?"

"పోవు తాతా. నేను వేరేదాంట్లో పెట్టొచ్చు." ఇసుకతో తట్టను గట్టిగా రుద్దింది. "నీ ఆట ఆగిపోతాదని నాకు తెలీదు. మొదటిసారి అమ్మ తిట్టినప్పుడు తెలిసింది, అది ఆడేది నువ్వని. అప్పటినుంచి అమ్మ నీళ్లు పోసుకునేటప్పుడో, పగలు కునుకు తీసినప్పుడో అమ్మ ఫోన్ తీసి నేనే తెరుస్తాండా. అమ్మ మళ్లా ఆపేస్తాది."

"పగటిపూట వచ్చేది అందుకన్నమాట."

"ఊ."

"తిట్లు కూడా నావే తిన్నావు, దెబ్బలు కూడా."

జాహ్నవి ఇంకో తట్ట తీసుకుంది. కొత్త ఫోనులో అంత దాచుకునేది ఏముందని ఆయన అడగలేదు. నేస్తాలతో కబుర్లు, డ్యాన్సు వీడియోలు, పదిహేనేళ్ల పిల్ల దగ్గర ఇంకేముంటాయి. ఆ కాస్త చోటు పోతుందని భయపడుతూనే, తాత పేరు చెప్పకుండా చెంపదెబ్బ తిన్న పిల్ల. దీన్ని తను పట్టించడం ఎలా? పట్టించకపోతే జమ్మలమడుగులో ఆ మనిషి ముఖం గోడ వైపే ఉండిపోతుంది.

"నేను మీ అమ్మకు ఏమీ చెప్పను పాపా," అన్నాడు చివరికి. "నీ ఇష్టం. అల్లాబక్ష్ తాతకు మాత్రం ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. ఫోన్ చెడిపోయిందంటే నమ్మడంలే. నేను కూడా అందరి మాదిరే వదిలేసినానని అనుకుంటాండాడు."

"అట్లంటే?"

"నాతో ఆడడంలే. సరిగా తినడం కూడా లేదంట."

తట్ట మీద నీళ్లు ధారగా పడుతున్నాయి. జాహ్నవి నల్లా కట్టేసి, చేతులు పావడాకు తుడుచుకుని, లోపలికి పోయింది.

నారాయణ అక్కడే కూర్చున్నాడు. లోపలినుంచి ముందు జాహ్నవి గొంతు సన్నగా వినిపించింది. తర్వాత నందిని గొంతు పెరిగింది: "అంటే నన్ను ఇన్ని దినాలు..." మళ్లీ జాహ్నవి గొంతు. కాసేపటికి ఆయన లేచి లోపలికి పోయాడు.

నందిని కుర్చీలో కూర్చుని తన ఫోన్ చూస్తోంది. కూతురి కొత్త ఫోన్ అప్పటికే ఆమె ఒళ్లో ఉంది. తెర మీద వేలు కిందికి జరుపుతోంది, మళ్లీ పైకి తెస్తోంది.

"నాయనా," అంది తలెత్తకుండా. "మూడు గంటలకు లేస్తాండావా దినామూ?"

"ముసలోళ్లకు నిద్ర యాడిదిమ్మా."

"ఆ ఫొటోలు అమ్మవా?"

ఆయన చాపను కాలితో సర్దాడు. "అన్నీ మీ అమ్మవే కాదులే. నీవి కూడా ఉండాయి."

నందిని ముక్కు ఎగబీల్చింది. తర్వాత టీచరమ్మ అయిపోయి జాహ్నవి వైపు తిరిగింది. "నీ సంగతి వేరే ఉంది. ఈ కొత్తది పరీక్షలయ్యేదాకా నా బీరువాలో ఉంటాది. అర్థమైందా?" జాహ్నవి తలూపింది. అంతలోనే నందిని కూతురి చెంపను, తను కొట్టిన చోటే, వేళ్లతో ఒకసారి తుడిచింది. "నోరు తెరిచి చెప్పేదానికేంది నీకు? మొద్దుదానా."

ఆమె తన ఫోనులో ఒకచోట నొక్కింది. నారాయణ జేబులో ఫోన్ కదిలింది. తీసి చూశాడు. చక్రం తిరిగి ఆగింది. క్యాలిక్యులేటర్ పక్కకు జరిగి పులికి చోటిచ్చింది. ఆయన తెరిచి చూశాడు. పాత మేక మూలన అలాగే ఉంది. పులి లేవలేదు.

"ఆ మామేనా, మార్కెట్టులో నన్ను కూడా వేలానికి పెట్టిన ఆయప్ప?" అంది నందిని తండ్రి భుజం మీదుగా చూస్తూ. "చిన్నప్పుడు భుజానెత్తుకోని, పిల్ల ఎంత, ఒకటోసారి, రెండోసారి అంటాంటే నేను ఏడ్చేదాన్ని."

"ఆయనే."

నందిని లేచి గోడకున్న సంచి తీసి జాహ్నవికి ఇచ్చింది. "పో. తాతతో పోయి నువ్వే చెప్పు అల్లాబక్ష్ తాతకు. ఒక జత బట్టలు పెట్టుకో. రేపూ సెలవే."

ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరేసరికి నాలుగు దాటింది. ఖమ్రున్నీసా వాకిట్లో చెనిక్కాయలు ఉడకబెడుతోంది. వీళ్లను చూసి కొంగు సర్దుకుని, "రాండన్నా, లోపలికి రాండి," అని ముందు నడిచింది. ముందుగదికీ లోపలిగదికీ మధ్య పూల పరదా వేలాడుతోంది. పరదా కింద మంచం కోళ్లు, వాటి పక్కన ఒక చేతికర్ర కనిపిస్తున్నాయి.

"నేను ఈడే కూచుంటానమ్మా," అన్నాడు నారాయణ ముందుగదిలో కుర్చీ లాక్కుంటూ. "పాపను పంపు."

ఖమ్రున్నీసా ఆయన్ను ఒక్క క్షణం చూసింది. పరదా ఎత్తి పట్టుకుంది. జాహ్నవి లోపలికి పోయింది.

"తాతా, నేను నారాయణ తాత మనవరాలిని. జాహ్నవిని. మీ ఆట ఆగిపోయింది నావల్ల." అంటూ మొదలుపెట్టి, ఆ పిల్ల అంతా చెప్పింది. పాత ఫోన్, కొత్త అకౌంట్, అమ్మ స్నానానికి పోయినప్పుడు దొంగతనంగా తెరవడం, ఒకసారి అమ్మ నెత్తికి షాంపూతోనే తిరిగొచ్చి తలుపు కొడితే ఫోన్ బియ్యం డబ్బాలో దాచడం. "తాత ఫోనుకు ఏం కాలేదు. తాతను అమ్మ చిన్నపిల్ల అనుకునింది, అంతే. ఏడింటికి ఆటాడుకోకుండా చదువుకోమని ఆపేసింది."

లోపల గొంతులో గులకరాళ్లు దొర్లినట్టు ఒక చప్పుడు మొదలైంది. అది ఆగి, మళ్లీ వచ్చి, పెద్దదైంది. పళ్లెంలోకి చెనిక్కాయలు వంచుతున్న ఖమ్రున్నీసా చేతులు ఆగిపోయాయి.

"అన్నా," అంది మెల్లగా. "నవ్వుతాండాడు."

ఆమె పళ్లెం నారాయణ పక్కన స్టూలు మీద పెట్టి, ఒక నిమిషం గోడకు ఆనుకుని నిలబడింది. నారాయణ పరదా వైపు పోలేదు. ఫోన్ తీసి, పాత ఆట వదిలేసి కొత్తది మొదలుపెట్టాడు. ఏడు ఇంకా కాలేదు. అయినా మేకను పెట్టాడు.

పరదా అవతల ఫోన్ టింగుమంది. ఇవతల తెర మీద పులి లేచి ఒక గీత ముందుకు వచ్చింది.

అలా పరదాకు చెరో వైపు కూర్చుని ఇద్దరూ ఆడుకున్నారు. జాహ్నవి రెండు వైపులకూ తిరుగుతూ చూసింది. "రహస్యం చెప్పకు పాపా," అని నారాయణ హెచ్చరిస్తే, "నేనెవరి పక్కా కాదు," అంది. కానీ ఎక్కువసేపు లోపలే కూర్చుంది. మసీదు మైకు పలికినప్పుడు ఖమ్రున్నీసా నమాజుకు లేచింది, ఆట ఆగింది. ఆమె వచ్చి కూర్చున్నాక మళ్లీ సాగింది. పొద్దుగూకి లైట్లు వెలిగాయి. నారాయణ మేకలు రెండు పులుల్ని మూలల్లో కట్టిపడేశాయి. మూడో పులి దారి కూడా మూసేద్దామని ఆయన ఒక మేకను తొందరపడి జరిపాడు. జరిపాకే చూసుకున్నాడు, దాని వెనక చోటు ఖాళీగా ఉంది. పులి దూకింది. మేక పోయింది.

లోపల మంచం కిర్రుమంది. చేతికర్ర నేలకు తాకిన చప్పుడైంది. ఖమ్రున్నీసా లేవబోయి, లేవకుండా ఆగిపోయింది.

పరదా పక్కకు తొలిగింది. అల్లాబక్ష్ వచ్చాడు, కుడికాలు ఈడ్చుకుంటూ, భుజం మీద తువ్వాలుతో. మనిషి సగమయ్యాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నోటి చివర తడి ఉంది. దాన్ని తుడుచుకోలేదు, తువ్వాలు ముఖం మీదకు లాక్కోలేదు. నారాయణ పక్కన ఆగి, కర్రను స్టూలుకు ఆనించి, ఎడమచేతిని పళ్లెంలోకి చాపి ఒక కాయ తీసుకున్నాడు. బొటనవేలితో నొక్కి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. నమలడానికి కొంచెం సేపు పట్టింది.

"ఉప్పు సరిపోయిందా మామా?" అన్నాడు నారాయణ.

అల్లాబక్ష్ అరచెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపాడు. ఏదో ఫరవాలేదు అన్నట్టు.

నారాయణ ఫోన్ జేబులో పెట్టుకుని, జాహ్నవి సంచి కోసం చూశాడు. "ఇంగ పొయ్యొస్తామమ్మా. ప్రొద్దుటూరు బస్సు ఉన్నట్టుండాది," అన్నాడు ఖమ్రున్నీసాతో.

అల్లాబక్ష్ కర్ర తీసుకుని, ముందుగది దాటి, గడప దాకా మెల్లగా నడిచాడు. వీధిలోకి ఒకసారి చూశాడు. తలుపు రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు కాకుండా దగ్గరికి చేర్చి, ఎడమచేత్తో తడుముకుని, గడియ పెట్టాడు.